మూడు రోజులు అటూ ఇటూ

వైట్ క్లిఫ్స్
ఆస్ట్రేలియా, 11 ఏప్రిల్ 1982, ఈస్టర్ ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో పేజీన్నర నక్షత్రం, అర పేజీ మంచు. మోకాలి నొప్పి ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషివి, సముద్రం అవతల ఆ నేజ్‌బీ చలిలో గొర్రెల పాకలో కూర్చుని గొట్టంలోంచి ఆకాశం చూస్తే మోకాలు ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు రాయకపోయినా తెలుసు.

ఇక్కడ ఎండ తగ్గలేదు. కొండలోకి తవ్విన ఇల్లు కనుక లోపల చల్లగానే ఉంటుంది. పైకి వెళ్తే మాత్రం ఒపల్ రత్నాల గనుల సున్నపు దిబ్బల మీద వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది. పక్కింటి యోసిప్ రోజూ మా గాలిగొట్టం దగ్గర నిలబడి దగ్గుతాడు. రొట్టె కాలిందా అని అడగడానికి యుగోస్లావియా పెద్దమనిషికి అదే మర్యాద.

మంగళవారం నా మొగుడు క్లెమ్‌కి మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి కిరోసిన్ ఫ్రిజ్ తలుపు పీకి మెట్ల మీదికి విసిరాడు. వెన్న నేలపాలు. నా ముందుపన్ను ఒకటి కదిలింది, మరునాడు నేనే పీకేశాను. ఇప్పుడు ఈల భలే వస్తోంది. కంగారుపడకు. తర్వాత ఎప్పటిలాగే ఏడ్చాడు, ఫ్రిజ్‌కి కొత్త మడతబందులు వేశాడు.

నిన్న ఎందుకో గుర్తొచ్చింది. నాన్న జీను పట్టీతో కొట్టి నా ఎడమ చెవి పోయాక, నువ్వు రోజూ వచ్చి ఆ చెవిటి పక్కనే కూర్చుని ఏదో గొణిగేవాడివి. పెదాలు కదిలేవి. ఏమన్నావు అంటే ఏం లేదనేవాడివి. నాకు వినపడకూడదనే ఆ పక్కన కూర్చునేవాడివా?

మోకాలికి గొర్రె కొవ్వు రాయి.

నీ చెల్లెలు
ఐలా


నేజ్‌బీ
22 ఏప్రిల్ 1982

ఐలాకు,

నీ ఉత్తరం 20న అందింది. తొమ్మిది రోజులు పట్టింది. మోకాలు ఫరవాలేదు.

నీటిపాము నక్షత్రమండలం తోకలోని ఎర్ర నక్షత్రాన్ని వరసగా ఆరు రాత్రులు చూశాను. దాని పక్కన వెలుగు మారని నక్షత్రాలుంటాయి, వాటితో పోల్చి అంకె రాయాలి. ఎర్రదాన్ని తేరిపార చూడకూడదు. చూస్తున్నకొద్దీ వెలుగు పెరిగినట్టు కనిపించి మోసం చేస్తుంది. చూపు ఇలా తాకించి అలా తీసెయ్యాలి. అది ఒకప్పుడు మన సూర్యుడి లాంటిదేనట. ముసలితనంలో ఇలా ఉబ్బింది. ఉబ్బడం, కుంగడం, మళ్ళీ ఉబ్బడం. మూడు వందల ఏళ్ళ కిందట ఒక్కో ఊపిరికి ఐదు వందల రోజులు పట్టేది. ఇప్పుడు మూడు వందల తొంభై కూడా పట్టడం లేదు.

నీ పాత ఉత్తరాలు తీశాను. క్లెమ్ చెయ్యి చేసుకున్న రోజులు నువ్వు రాసినవే: సెప్టెంబరు 18, నవంబరు 15, జనవరి 3, ఫిబ్రవరి 24, ఏప్రిల్ 6. మధ్యన 58 రోజులు, 49, 52, 41. ఎగుడుదిగుడుగా ఉన్నా తగ్గుతోంది.

నాన్నకు కూడా ఇలాగే లెక్క రాసేవాణ్ణని నీకు తెలుసు. నా పన్నెండో ఏట మొదలుపెట్టాను, బడి పుస్తకం వెనక పేజీల్లో. గడువు దగ్గర పడితే కంచె మీద గోనెసంచి కట్టేవాణ్ణి, నువ్వు బడి నుంచి ఇంటికి రాకుండా పెద్దమ్మ దగ్గరికి పోయేదానివి. ఒక్కసారి రెండు రోజులు తప్పాను. ఆ రోజు సంచి కట్టలేదు. నీ చెవి పోయింది ఆ రోజే.

మా పరిశీలకుల సంఘంలో ఒక నియమం ఉంది. చూసేవాడికి రాబోయే అంకె చెప్పకూడదు. చెబితే వాడికి అదే కనిపిస్తుంది. నేనెప్పుడూ ఆ నియమం తప్పలేదు. ఇప్పుడు తప్పుతున్నాను. విడి కాగితం జత చేశాను. మే 16, జూన్ 22, జులై 26. మూడు రోజులు అటూ ఇటూ. మే 16 లోపు అక్కడి నుంచి తప్పుకో. కాగితం క్లెమ్ కంట పడనివ్వకు.

ఫెర్గస్


వైట్ క్లిఫ్స్
4 మే 1982

అన్నయ్యా,

నా మొగుణ్ణి తీసుకెళ్ళి పాము తోకలో పెట్టావు. బాగుంది. యోసిప్‌కి చెబితే నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళో మేనత్త మొగుడికి ఇలాంటి లెక్క ఉండేదట, అమావాస్యకి అమావాస్యకి.

నాకు కోపం వచ్చింది. వచ్చిందని దాచను. నేను పన్ను పీక్కున్నానని రాస్తే నువ్వు తీసివేతలు చేసుకున్నావు. పాతికేళ్ళుగా నా ఉత్తరాలు చదివి తేదీలు ఏరుకున్నావన్నమాట, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. తప్పుకో అని రాశావు. ఎక్కడికి తప్పుకోను? ‘రా’ అని ఒక్క అక్షరం లేదు కదా. నీ పాకలో గొట్టానికి చోటుంది, నాకు లేదేమో.

క్లెమ్ సంగతి నీకు సగమే తెలుసు. ఈ ఇంటి నాలుగు గదులూ ఒంటి చేత్తో తవ్వాడు. నాకు చెవి వినపడదని మంచం కుడి పక్క తలుపు వైపు ఉండేలా గోడ చెక్కాడు. వాడు మంచిగా ఉన్న రోజులు నా ఉత్తరాల్లో ఉండవు. మంచి రోజున ఉత్తరం రాయాలని ఎవరికి గుర్తుంటుంది? అవి కూడా లెక్కలో వేసుకో.

వాణ్ణి తేరిపార చూడకూడదన్నది మాత్రం నిజం. అది నీకంటే ముందు నాకు తెలుసు.

కాగితం పిండి డబ్బాలో అడుగున పెట్టాను. పాతికేళ్ళలో క్లెమ్ పిండి ముట్టలేదు.

ఐలా


నేజ్‌బీ
14 మే 1982

ఐలాకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రమ్మని రాయలేదన్నావు. ఈ ఇల్లు నీది కూడా కనుక రమ్మని రాయాలని తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రా.

తూర్పు గది ఊడ్చాను. కిటికీ చెక్క పుచ్చిపోతే మార్చాను. సిడ్నీ నుంచి విమానం టికెట్ జత చేశాను. తేదీ వేయించలేదు, నీ ఇష్టం.

క్లెమ్ అంటే నీకు ప్రేమ ఉందని అర్థమైంది. దాని మీద నాకు చెప్పడానికేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు కుందేళ్ళను నిర్మూలించే బోర్డులో పనిచేశాను. ఉచ్చులో పడిన కుందేలు మొదటి గంట చాలా కొట్టుకుంటుంది. తర్వాత ఊరుకుంటుంది. ఊరుకున్నదాన్ని చూసి అలవాటు పడిందనుకునేవాడు ఆ పని చేయలేడు. నేను ఊరుకున్నవాటినే ముందు తీసి మెడ విరిచేవాణ్ణి. ఇది ఎందుకు రాశానో తెలియదు.

ఇది నీకు చేరేసరికి 16 దాటిపోతుంది. యోసిప్ ఇంట్లో ఉండి ఉంటావని అనుకుంటాను.

ఫెర్గస్


వైట్ క్లిఫ్స్
19 మే 1982

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే జరిగింది. 16న క్లెమ్‌కి వచ్చింది. కొట్టాడు. పెద్దగా ఏమీ కాలేదు. నీ లెక్క సరిగ్గా ఉంది.

చేతి నొప్పి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఐలా


నేజ్‌బీ
31 మే 1982

ఐలాకు,

నీ ఉత్తరం మొన్న అందింది. లెక్క కుదిరిందని చదివినప్పుడు, చెల్లెలు దెబ్బలు తిన్నదన్న మాట తట్టకముందే, అర నిమిషం నాకు తృప్తి కలిగింది. ఆ అర నిమిషం సంగతి నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

చేతికి ఏమైంది? కుడిదా, ఎడమదా? ఎముకా, కండా? ఈసారి ఏం పగలగొట్టాడో నువ్వు రాయలేదు. ఎప్పుడూ రాస్తావు. టికెట్ అందిందా?

మంచు ఎక్కువగా ఉంది. బకెట్లో నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. చూడ్డానికి మంచి ఆకాశం. ఎర్రది ఇంకా మసకగానే ఉంది.

అలాంటి నక్షత్రం చివరికి ఏమవుతుందని పోయిన ఏడు అడిగావు, అప్పుడు జవాబు రాయలేదు. ఒక్కసారిగా పేలిపోదు. అంత బరువు దానికి లేదు. ఊపిరి ఊపిరికీ కాస్త కాస్తగా పైచర్మం విసిరేసుకుంటుంది. మన సూర్యుడైతే దగ్గరి గ్రహాలను ముందు మింగి, తర్వాత ఆ పని చేస్తాడు. అంతా విసిరేశాక మధ్యలో చిన్న తెల్లని గుండె మిగులుతుంది.

టికెట్ వాడు.

ఫెర్గస్


వైట్ క్లిఫ్స్
25 జూన్ 1982

అన్నయ్యా,

టికెట్ అందింది. తూర్పు గది సంగతీ చదివాను. ఆ ఉత్తరం మే 24న వచ్చింది. అది ఒక్క పదిహేను రోజులు ముందు వచ్చి ఉంటే బాగుండేది. సరే, టపా ఆలస్యానికి ఎవరేం చేస్తారు.

22న మళ్ళీ వచ్చింది, నీ కాగితంలో ఉన్నట్టే. నువ్వు గొప్ప లెక్కగాడివి. ఇప్పుడు క్లెమ్ ఉత్తరాన ఏదో కొత్త దిబ్బలో తవ్వడానికి వెళ్ళాడు, వచ్చి పోతుంటాడు. 21న వాళ్ళ తమ్ముడు రెక్స్ బ్రోకెన్ హిల్ నుంచి కారు వేసుకుని వచ్చాడు. ఒక్క రోజు తేడాలో కలుసుకోలేకపోయారు. గడప దగ్గర నిలబడి, వదినా ఈ మధ్య అన్న ఫోన్ చేయడం లేదేం అని రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడే రాలేను. ఇల్లు వదిలితే జనం అడుగుతారు.

నా ఉత్తరాలు దాచావు కదా? ఈ మధ్యవి ముఖ్యంగా దాచు. పారేయకు.

ఆ తెల్లని గుండె అన్నావే, అది ఎంతకాలం ఉంటుంది?

ఐలా


నేజ్‌బీ
5 జులై 1982

ఐలాకు,

చాలాకాలం ఉంటుంది. మంట ఉండదు. ఉన్న వేడి మెల్లగా చల్లారుతూ ఉంటుంది.

ఒక సంగతి చెబుతాను. పదేళ్ళ కిందట మా సంఘంలో ఒకాయన ఉండేవాడు. నెలనెలా అంకెలు పంపేవాడు, ఒక్క రాత్రి తప్పేవాడు కాదు. అందరూ మెచ్చుకునేవారు. ఆయన అంకెలను గీత గీయమని సంఘం పెద్దాయన నాకు పంపాడు. గీశాను. గీత నూనె రాసినట్టు నునుపుగా వచ్చింది. నా గీతలు ఎప్పుడూ కుక్క కొరికిన తాడులా ఉంటాయి. రాత్రి మబ్బు, కంటి అలసట, నక్షత్రం పొగరు, అన్నీ అందులో ఉంటాయి. ఆయన రెండేళ్ళుగా గొట్టం దగ్గరికే వెళ్ళలేదు. కళ్ళు పోయాయి. రాబోయే అంకెల పట్టీ దగ్గర పెట్టుకుని రాసేవాడు. ఆ సంగతి బయటపెట్టింది నేనే.

చెల్లీ, క్లెమ్‌కి రెండుసార్లూ నేను చెప్పిన రోజునే వచ్చింది. మూడు రోజులు అటూ కాదు, ఇటూ కాదు. నలభై రెండేళ్ళలో ఏ నక్షత్రమూ నాకు ఆ మర్యాద చేయలేదు. రెండుసార్లూ ఏమీ పగలలేదు. ఒక్క కప్పు కూడా.

ఇంకొకటి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రాసిన వ్యాసం ఒకటి చదివాను, నాలుగుసార్లు చదివితే అర్థమైంది. ఊపిరి పొట్టిదవుతోందంటే ముందు ముందు ఏదో పెద్దది జరగబోతోందని నేననుకునేవాణ్ణి. అది తప్పట. నక్షత్రం లోపల, బూడిద గుండె మీద ఒక పలచని పొర ఉంటుంది. అది ఎప్పుడో భగ్గుమంది. పైకి ఎవరికీ కనిపించలేదు. మనం చూస్తున్నది అంతా అయిపోయాక పైచర్మం కుంచించుకుపోవడం.

మే 16కి ముందు ఏం జరిగింది?

ఫెర్గస్


వైట్ క్లిఫ్స్
15 జులై 1982

అన్నయ్యా,

ఇది సిడ్నీలో పోస్టు చేస్తాడు యోసిప్, వాళ్ళ అక్క కూతురి పెళ్ళికి వెళ్తున్నాడు. ఈ ఒక్క ఉత్తరం మాత్రం దాచకు.

మే 9, ఆదివారం. క్లెమ్ ఈల వేసుకుంటూ లేచాడు. ముందు రోజు సాయంత్రం గని గోడలో వేలెడంత మంచి రంగు ఒపల్ దొరికింది. ఇవాళ నువ్వు కూర్చో, పాన్‌కేకులు నేను వేస్తాను అన్నాడు. నేను వద్దన్నాను. వద్దనడం చూసి మరింత పట్టుబట్టాడు. పాతికేళ్ళలో మొదటిసారి పిండి డబ్బాలో చెయ్యి పెట్టాడు. మంచి రోజున పెట్టాడన్నయ్యా, అదే నేను ఎన్నిసార్లు తలుచుకున్నా మింగుడుపడనిది.

కాగితం చదివి మొదట నవ్వాడు. జులై 26 అని పైకి చదివి, ఆ రోజు నాకు వేరే పని ఉంటే ఎలాగే అన్నాడు. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను. అప్పుడు నవ్వు ఆపేశాడు.

“మీ అన్న కుందేళ్ళను లెక్కపెట్టినట్టు నన్ను లెక్కపెడుతున్నాడా” అన్నాడు. “పదహారో తేదీ దాకా ఎందుకు? ఇవాళే కానిద్దాం. వాడి లెక్క తప్పాలి.”

తలను గోడకేసి కొట్టాడు. ఎన్నిసార్లో తెలియదు, గోడ మెత్తటి రాయి కనుక బతికాను. కిందపడ్డాక కడుపులో తన్నాడు. తర్వాత కూర్చోబెట్టి, జుట్టు పట్టుకుని ముఖం పక్కకు తిప్పి, కుడి చెవి మీద పిడికిలితో కొట్టాడు. ఇది కూడా పోతే ఇక ఎవడి ఉత్తరం గురించి ఎవడితో మాట్లాడతావో చూస్తానన్నాడు. నేను విన్న ఆఖరి మాట అది. తర్వాత మూడు రోజులు ఏమీ వినపడలేదు. వాడి నోరు మాత్రం కదులుతూనే ఉంది. పిండి అంతా గాల్లో ఉంది, పొగమంచులా.

గోడ గూట్లో ఒపల్ తవ్వే చిన్న గునపం ఉంటుంది. ఒక్కసారి కొట్టానని రాద్దామనుకున్నాను. నాలుగు.

యోసిప్ గాలిగొట్టం లోంచి విన్నాడు. కిందికి వచ్చి చూశాడు. తడిగుడ్డ తెచ్చి ముందు నా కళ్ళలో పిండి తుడిచాడు. టీ పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. ఇద్దరం తాగాం. అప్పుడు దుప్పటి అడిగాడు. పాడుబడిన గనుల్లో ఎనభై అడుగుల బావి ఒకటుంది. మరునాడు మధ్యాహ్నం అందరూ మందు పేల్చే వేళకు అందులోనూ రెండు కట్టలు పేల్చి సొరంగం కూల్చేశాడు. ఈ ఊళ్ళో పేలుడు వింటే కుక్క కూడా తల తిప్పదు.

నీతో ఎందుకు అబద్ధమాడానంటే, నీ కాగితమే కారణమని నీకు తెలియకూడదని. నాన్నప్పుడు రెండు రోజులు తప్పినందుకు నువ్వు పెళ్ళి కూడా చేసుకోకుండా నలభై ఏళ్ళుగా ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉన్నావు. ఈసారైనా నువ్వు సరిగ్గా చెప్పావని అనుకోవాలని, నీ తేదీలనే తిరిగి నీకు పంపాను. నునుపుగా ఉంటే తప్పని నాకేం తెలుసు.

రెక్స్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పోలీసులకు చెబుతానన్నాడు. క్లెమ్ జూన్‌లో ఉన్నాడనడానికి యోసిప్ మాట, నీ దగ్గరున్న నా రెండు ఉత్తరాలు. అంతే. నన్ను తీసుకుపోతారేమో.

ఐలా


నేజ్‌బీ
24 జులై 1982

ఐలాకు,

ఇది యోసిప్ పేరున పంపుతున్నాను. చదివి పొయ్యిలో వేయి. నీది నేను వేశాను.

నా కాగితం వల్ల జరిగింది. దాని గురించి రాతలో చెప్పను.

పని సంగతి చెబుతాను, జాగ్రత్తగా విను. ఆ రెండు ఉత్తరాలూ చాలవు. పోలీసులకు తేడా తెలియకపోవచ్చు గాని, తెలిసినవాడి చేతిలో పడితే తెలిసిపోతుంది. వాటి వెనక నిజమైనది లాంటిది ఒకటి రావాలి. 26న ఏమీ రాయకు. నా లెక్క తప్పాలి. 29 అని రాయి. ఎందుకు ఆలస్యమైందో చెప్పకు, నిజంగా జరిగినదానికి ఎవరూ కారణం రాయరు. ఏదో ఒకటి పగలాలి, నిజంగానే పగలగొట్టు, పెంకులు ఎవరికైనా కనిపించే చోట పారేయి. దానితో సంబంధం లేనిది ఒకటి కలుపు, దుమ్ము తుఫానో, ఎవరి మేకో. తర్వాత వాడు వెళ్ళిపోయాడని రాయి, సామాను పట్టుకుని. వాడి వ్యాను ఊళ్ళో ఉండకూడదు. యోసిప్ చూసుకుంటాడా? నన్ను ఎగతాళి చెయ్యి. నువ్వు ఎగతాళి చేయని ఉత్తరాలు నీవి కావని నాకే తెలిసిపోయింది.

29 దాటాక రాయి. ముందు రాసిపెట్టుకోకు. ఆ రోజు ఎలా ఉందో చూసి రాయి.

ఫెర్గస్


వైట్ క్లిఫ్స్
3 ఆగస్టు 1982

అన్నయ్యా,

నీ నక్షత్రాలు నిన్ను మోసం చేశాయి. 26న రోజంతా గుమ్మం దగ్గర చెప్పులేసుకుని కూర్చున్నాను, పారిపోవడానికి. క్లెమ్ గొర్రె మాంసం రెండు పళ్ళేలు తిని నిద్రపోయాడు. 27న కూడా అంతే. నీ లెక్క చూసి నవ్వుకున్నాను, బడిలో కూడా నీకు భిన్నాలు వచ్చేవి కావు.

29న వచ్చింది. పడమటి నుంచి ఎర్ర దుమ్ము లేచి మధ్యాహ్నానికే దీపం పెట్టాల్సి వచ్చింది. హోటలామె మేక తాడు తెంపుకుని మా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది, ఎంత తరిమినా పోదు. దాన్ని తరమలేకపోయానని మొదలుపెట్టాడు. అమ్మ నీలం టీ కుండ, పెళ్ళికి నాకిచ్చినది, గోడకేసి కొట్టాడు. మూత ఒక్కటే మిగిలింది. నా మీద చెయ్యి పడేలోపు మేక అడ్డం వచ్చింది, దానికే తగిలింది ఎక్కువ. నవ్వకు.

మరునాడు పొద్దున లేచి సామాను వ్యానులో వేసుకున్నాడు. క్వీన్స్‌లాండ్ వైపు బండరాళ్ళలో మంచి రంగు దొరుకుతోందట. మళ్ళీ రానన్నాడు. రాడనే అనుకుంటున్నాను. యోసిప్ చూశాడు, వీధి చివరి దాకా.

మూత దాచాను. ఆ టీ కుండ అంటే నాకు చాలా ఇష్టం అన్నయ్యా. అది మాత్రం నిజంగా ఏడిపించింది.

నీ టికెట్ ఇంకా చెల్లుతుందా?

ఐలా


నేజ్‌బీ
24 ఆగస్టు 1982

ఐలాకు,

ఇది కూడా యోసిప్ పేరునే పంపుతున్నాను. టికెట్ చెల్లుతుంది. ఏడాది గడువు ఉంది.

శుక్రవారం రాన్‌ఫర్లీ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. కుర్రవాడే, వాళ్ళ నాన్నా నేనూ కుందేళ్ళ బోర్డులో కలిసి పనిచేశాం. అక్కడి పోలీసుల నుంచి కాగితం వచ్చిందట, క్లెమ్ గురించి అడగమని. నీ ఉత్తరాలు ఇచ్చాను, నువ్వు దాచవద్దన్నది తప్ప అన్నీ. నక్షత్రాల అంకెలు రాసే నా పుస్తకం వెనక పేజీ కూడా చూపించాను, క్లెమ్ తేదీలున్నది. నేనిచ్చిన టీ తాగుతూ, వంటింటి బల్ల దగ్గర కూర్చుని గంటసేపు చదివాడు. మేక దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నా ముఖం చూసి క్షమించమన్నాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

“మీ లెక్క ఎప్పుడూ తప్పదంటారు ఊళ్ళో” అన్నాడు. “ఈసారి మూడు రోజులు తప్పిందే, పెద్దాయనా.”

“తప్పింది” అన్నాను.

“అలా కొట్టేవాడు ఊరు విడిచిపోవడమే మీ చెల్లెలికి మంచిది. అదే రాస్తాను” అని పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

వాడు వెళ్ళాక ఆ పేజీ మళ్ళీ చూశాను. చివర జులై 29 అని ఉంది, నీ ఉత్తరం వచ్చిన రోజే నేను రాసినది. నలభై రెండేళ్ళలో చూడనిది రాయడం అదే మొదలు. పెన్సిలుతో కాదు, ఇంకుతోనే రాశాను. మిగతా అన్నిటికంటే అది నిజంలా ఉంది.

ఎర్రది మెల్లగా వెలుగు పుంజుకుంటోంది. నేననుకున్న రోజుకు కాదు, వారం తేడాతో.

నువ్వు ఒంటరిగా అంత దూరం రావద్దు. టికెట్ అలాగే ఉంచు, తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది. సెప్టెంబరు పదో తేదీన సిడ్నీలో దిగి, రైల్లో బ్రోకెన్ హిల్ వచ్చి, అక్కడి నుంచి టపా బండిలో నీ దగ్గరికి వస్తున్నాను. గొట్టానికి గుడ్డ కప్పి పాక తాళం వేశాను. యోసిప్‌కి చెప్పు, రొట్టె నాక్కూడా కావాలని.

మే 9 గురించి రాతలో చెప్పనన్నాను. నాన్నప్పుడు నీ చెవిటి పక్కన కూర్చుని ఏమనేవాణ్ణో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు చిన్నప్పుడు అడిగావే, ఏమంటున్నావని. ఈసారి కుడి పక్కన కూర్చుని చెబుతాను.

మీ అన్న
ఫెర్గస్